దొంగమొగ్గ

జోగులమ్మ ఎవరినీ ఊరికే నమ్మదు. నమ్మకపోవడాన్ని ఆమె ఒక పనిగా పెట్టుకుంది. చేనును చూసుకున్నంత శ్రద్ధగా దాన్నీ చూసుకుంటుంది. గద్వాల బజారులో టమాటాలు కొంటే తక్కెడ అడుగున చెయ్యి పెట్టి తడుముతుంది. పాలు పోసే మనిషి ఎదుటే గోటి మీద ఒక చుక్క వేసి, అది జారుతుందో నిలుస్తుందో చూస్తుంది. మల్దకల్ దాకా పోయొచ్చానని మొగుడు రామచంద్రయ్య చెబితే, ఆయన చెప్పులకు అంటిన మట్టి రంగు చూసి గానీ ఔననదు. అలాంటి మనిషి, కన్నకూతురు ఫోన్‌లో ఎవరో డాక్టరుకు చూపించుకుంటోందని వింటే ఊరుకుంటుందా? ఊరుకోలేదు. ఆ ఊరుకోకపోవడమే ఈ కథ.

ముందు ఆమె చేను సంగతి చెప్పాలి, ఎందుకంటే జోగులమ్మ తెలివంతా అక్కడే తయారైంది. వాళ్లు వేసేది విత్తన పత్తి. ఊళ్లో అందరూ సీడ్ పత్తి అంటారు. మామూలు పత్తిలాగా గింజ వేసి మందు కొడితే పండేది కాదది. మధ్యాహ్నం పూట ఆడ సాళ్లలో దిగి, మర్నాడు పూయబోయే ప్రతి మొగ్గనూ వెతికి పట్టుకుని, గోటితో దాని రేకులూ పుప్పొడీ గిల్లేసి, గుర్తుగా ఒక ఎర్ర కాగితం గొట్టం తొడగాలి. తెల్లవారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. గిల్లకుండా ఒక్క మొగ్గ మిగిలినా అది తనంతట తానే కాయ కాస్తుంది. అలాంటి గింజలు మంచి గింజల్లో కలిస్తే కంపెనీ పరీక్షలో పంట మొత్తం తప్పుతుంది. అందుకని కంపెనీ తరఫున ఆర్గనైజర్ వస్తాడు. సాళ్ల వెంట తిరిగి, ఎర్ర కాగితాలు అక్కడక్కడ పైకి లాగి, కింద మొగ్గను నిజంగా గిల్లారో లేదో చూసి పుస్తకంలో రాసుకుంటాడు.

తిరుగుతాడో, గట్టు మీద చెట్టు నీడన కూర్చుని రాసేస్తాడో ఎవరికి తెలుసు? జోగులమ్మకు తెలియాలి. అందుకు ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. కూలీలు సాలులోకి దిగకముందే తాను దిగి, ఎక్కడో ఒక మొగ్గను గిల్లకుండానే దానికి ఎర్ర కాగితం తొడిగి వస్తుంది. చెట్టు మొదట్లో, తనకు తప్ప ఎవరికీ కనపడనంత కిందికి, నల్లదారం ఒకటి కడుతుంది. పైన చూస్తే అన్నీ ఒకటే. కాగితం లాగి చూసినవాడికే దొంగ దొరుకుతుంది. ఆర్గనైజర్ దాన్ని పట్టుకున్నాడా, నిజంగా తిరిగినట్టు. పట్టుకోలేదా, పుస్తకం అబద్ధం. మర్నాడు పొద్దున్నే పోయి తానే ఆ మొగ్గను తెంపేస్తుంది కాబట్టి పంటకు నష్టం లేదు. దానికి దొంగమొగ్గ అని పేరు కూడా తానే పెట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా ఈ సంగతి రామచంద్రయ్యకు కూడా తెలియదు. చెబితే అది ఉపాయమెలా అవుతుంది?

కూతురు అర్చనకు ఇరవై ఆరేళ్లు. గోపాల్‌పేట మండలంలో ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శి. అక్కడే గది తీసుకుని ఉంటుంది, ఆదివారం బస్సెక్కి ఇంటికొస్తుంది. చురుకైన పిల్ల. ఊళ్లో ముసలివాళ్ల పింఛను తగాదా అయినా, నల్లా నీళ్ల కొట్లాట అయినా నవ్వుతూ తీర్చేస్తుంది. ఎటొచ్చీ కాగితాల దగ్గరే వచ్చింది చిక్కు. రోజూ పొద్దున్నే మురికి కాలువలు తీయించి, ఫొటోలు తీసి యాప్‌లోకి ఎక్కించాలి. ఫొటోలు తీస్తుంది, ఎక్కించడం మరిచిపోతుంది. పుట్టిన పిల్లాడి ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉండాల్సిన చోట తన సంతకం పెట్టేస్తుంది. గ్రామసభ తేదీని మూడు చోట్ల రాసుకుని మూడు కాగితాలూ పోగొట్టుకుంటుంది. మండలాఫీసు నుంచి అప్పటికే రెండు మెమోలు వచ్చాయి. ఇంకొకటి వస్తే పేరు జిల్లాకు రాస్తామని, ఆ తర్వాత ఉద్యోగం ఉంటుందని చెప్పలేమని అధికారి ముఖం మీదే అన్నాడట.

ఇదంతా అర్చన ఒక శ్రావణ ఆదివారం అన్నం ముందు కూర్చుని చెప్పింది. తనతో పాటు ట్రైనింగ్ అయిన అఖిల సలహాతో హైదరాబాదులో ఉన్న మానసిక వైద్యురాలితో ఫోన్‌లో వీడియో పెట్టుకుని మాట్లాడానంది. ఒక గంటసేపు అన్నీ అడిగిందట. ఏడీహెచ్‌డీ కావచ్చునందట. బుద్ధి తక్కువ కావడం కాదట, సోమరితనమూ కాదట, పుట్టుక నుంచే ధ్యాస నిలవాల్సిన చోట నిలవకపోవడమట. మందులున్నాయట. కానీ తేల్చాలంటే చిన్నప్పటి సంగతులు తెలిసిన మనిషితో మాట్లాడాలట, ముఖ్యంగా పన్నెండేళ్ల లోపు ఎలా ఉండేదో చెప్పగలిగిన మనిషితో. అంటే అమ్మతో. తేలితే వైద్యం మొదలవుతుంది, ఆఫీసుకు చూపించడానికి ఒక లెటరూ దొరుకుతుంది.

జోగులమ్మ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపింది. కిందటి నెలే మహిళా సంఘం తరఫున గద్వాలలో పోలీసులు పెట్టిన సభకు పోయొచ్చింది. ఫోన్‌లో చేసే మోసాల గురించి అక్కడ చెప్పినదంతా ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. వీడియోలోకి రమ్మంటారు. గదిలో ఒక్కరే ఉండమంటారు. తలుపు వేసుకోమంటారు. ఆధార్ కార్డు చూపించమంటారు. వెంటనే ఫోన్ కట్ చేసి పోలీసుల 1930 నంబరుకు చెప్పండి, అన్నారు. వేళ్లు మడుస్తూ కూతురిని ఒక్కొక్కటే అడిగింది. వీడియోనా? ఔను. ఒక్కదానివే ఉండమన్నదా? ఔను. తలుపు? ఔను. ఆధార్? ఔనమ్మా, అది రూలు, అంది అర్చన. నాలుగు వేళ్లు మడిచిన చేతిని జోగులమ్మ మొగుడి ముఖం ముందు పెట్టింది.

రామచంద్రయ్య మజ్జిగ కలుపుకుంటూ, అడిగేది డాక్టరమ్మే కదా, నాలుగు మాటలు చెబితే మన సొమ్మేం పోతుందన్నాడు. ఆయన అందరినీ నమ్ముతాడు, అందుకే ఆ ఇంట్లో ఏ నిర్ణయమూ ఆయన చేతికి రాదు.

డాక్టరు పంపిన ప్రశ్నలు తెలుగులోనే ఉన్నాయి. తల్లి తనంతట తానే నింపాలి, పక్కన కూర్చుని చెప్పకూడదట. అర్చన ఫోన్ తెరిచి ఇచ్చి, తండ్రితో చేను వైపు పోయింది. ఏడో తరగతి చదివిన జోగులమ్మ కళ్లద్దాలు పెట్టుకుని గడపలో కూర్చుంది.

చెప్పిన పని సగంలో వదిలేసేదా? చాలాసార్లు, అని నొక్కింది. బలపాలు, పెన్సిళ్లు, చెప్పులు పోగొట్టుకునేదా? చాలాసార్లు. ఎదురుగా మాట్లాడుతున్నా విననట్టు ఉండేదా? తన వంతు రాకముందే మాట్లాడేదా? కూర్చున్న చోట కుదురుగా ఉండేది కాదా? పోను పోను జోగులమ్మకు ఒళ్లు జలదరించింది. ఈ హైదరాబాదు మనిషికి మా ఇంటి సంగతులు ఎలా తెలిశాయి? ఈ ప్రశ్నలు కూతురే రాసి ఉంటుందన్న అనుమానం వచ్చింది. కావాలని, ఉద్యోగంలో తప్పులకు ఒక సాకు తయారు చేసుకోవడానికి.

చిన్నతనం నుంచి ఒక ఉదాహరణ రాయండి, అని ఒక ఖాళీ వచ్చింది. ఏం రాయాలో జోగులమ్మ వెతుక్కోవాల్సిన పని లేదు. ఆ ఇంట్లో అర్చన మతిమరుపు మాట వచ్చిన ప్రతిసారీ చెప్పుకునే కథ ఒకటుంది. పదకొండేళ్లప్పుడు దసరా సెలవుల్లో పిల్ల తానూ క్రాసింగ్ చేస్తానని మొండికేసింది. ఒక సాలు ఇచ్చారు. సాయంత్రం ఆర్గనైజర్ బాలస్వామి వచ్చి ఎర్ర కాగితాలు లాగి చూస్తే, ఆ ఒక్క సాలులో ఐదు మొగ్గలు గిల్లకుండానే ఉన్నాయి. కాగితం తొడిగింది, గిల్లడం మరిచింది. రెండుసార్లు చూసుకున్నానని పిల్ల ఏడిచింది. అందరి ముందూ జోగులమ్మ చెంప మీద ఒకటి వేసింది. ఆ తర్వాత అర్చనను ఎప్పుడూ సాలులోకి దిగనివ్వలేదు.

ఈ కథ ఎప్పుడూ రామచంద్రయ్యే చెబుతాడు, అర్చన కూడా నవ్వుతూ చెప్పుకుంటుంది. జోగులమ్మ నోట మాత్రం ఎవరూ వినలేదు. ఆమె వేలు ఆ ఖాళీ మీద కాసేపు ఆగింది. ఏమీ రాయకుండా పక్క పేజీకి పోయింది.

అక్కడే ఉంది ఆఖరి ప్రశ్న. ఎవరికీ వినిపించని మాటలు తనకు వినిపిస్తున్నాయని ఎప్పుడైనా చెప్పిందా? అలాంటిదేమీ ఎన్నడూ లేదు. లేదు అని నొక్కబోయి జోగులమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె ముఖం మీదికి చేనులో ఉన్నప్పటి వెలుగు వచ్చింది. వీళ్లు నిజంగా చదువుతారా, చదవకుండానే మాత్రలు అంటగడతారా? తెలుసుకోవడానికి పద్దెనిమిదేళ్లుగా తప్పని ఉపాయం చేతిలో ఉండగా ఆలోచన దేనికి? తరచుగా, అని నొక్కింది. పక్కన ఖాళీలో, గోడతో మాట్లాడుతుంది అని కూడా చేర్చింది. దారం కట్టలేదు గానీ మిగతాదంతా మామూలే.

ఆ వారమంతా జోగులమ్మ హుషారుగా ఉంది. డాక్టరు దొంగదైతే దీన్ని చూడనే చూడదు, మందుల పార్శిల్ వస్తుంది, అదే పట్టుకుని పోలీసుల దగ్గరికి పోవచ్చు.

మరుసటి ఆదివారం పది గంటలకు ఫోన్‌ను గోధుమల డబ్బాకు ఆనించి ముగ్గురూ కూర్చున్నారు. తెర మీద నలభై దాటిన ఒకామె కనిపించింది. కళ్లద్దాలు, వెనక మందుల కంపెనీ క్యాలెండరు. డాక్టర్ సౌందర్యనని చెప్పింది. గదిలో తల్లీ కూతుళ్లు తప్ప ఎవరూ ఉండకపోతే మంచిది, తలుపు దగ్గరికి వేస్తారా అని అడిగింది. జోగులమ్మ మొగుడికి కనుసైగ చేసింది. వారం ముందే చెప్పి పెట్టినట్టు రామచంద్రయ్య తన ఫోన్‌లో 1930 నొక్కి, పచ్చ గుర్తు పైన బొటనవేలు సిద్ధంగా పెట్టుకుని, గుమ్మం అవతల నిలబడ్డాడు.

అర్చన ఆధార్ చూపించింది. మీది కూడా చూపించమని జోగులమ్మ డాక్టరును అడిగింది. అర్చన సిగ్గుతో తల దించుకుంది గానీ, డాక్టరు మాత్రం, అడిగి మంచి పని చేశారని గోడ మీది సర్టిఫికెట్ తెచ్చి నంబరు మెల్లగా చదివింది. జోగులమ్మ ఆ నంబరును బొగ్గుతో గోడ మీద రాసుకుంది. దొంగలకు నంబర్లు దొరకవా ఏం, అనుకుంది లోపల.

తర్వాత అరగంట అర్చన చిన్నతనం గురించి నడిచింది. నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో ఉండి చదివినప్పటి ప్రోగ్రెస్ కార్డులు డాక్టరు ముందే తెప్పించుకుంది. తెలివైన పిల్ల, శ్రద్ధ లేదు అని ప్రతి ఏడూ వేర్వేరు టీచర్లు ఒకే మాట రాశారట. జోగులమ్మ ముక్తసరిగా జవాబులు చెప్పింది. ఆమె చూపంతా ఒక్కదాని మీదే ఉంది. కాగితం లాగి చూస్తుందా, లేదా?

అప్పుడు డాక్టరు అర్చనను కాసేపు బయటికి పొమ్మంది. తలుపు మూసుకున్నాక గొంతు తగ్గించింది.

"అమ్మా, ఎవరికీ వినపడని మాటలు అర్చనకు వినిపిస్తాయని రాశారు. గోడతో మాట్లాడుతుందని రాశారు. ఇది ఎప్పటినుంచి?"

జోగులమ్మ ఛాతీ పొంగింది. పట్టింది. ఈమె నిజంగా సాలు తిరిగిన మనిషి. ఆ రోజు మొదటిసారి ఆమె మనస్ఫూర్తిగా నవ్వింది.

"అది నేను గావాల్ననే పెట్టిన మేడం. మీరు సదువుతరో లేదో సూద్దామని. మా బిడ్డకు గసుంటిదేం లేదు. కొట్టేయుండ్రి."

డాక్టరు నవ్వలేదు. కిందికి చూసి ఏదో రాసుకుంది. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అంది:

"ఇలా రాసి తర్వాత కాదన్న తల్లుల్ని చాలామందిని చూశానమ్మా. ఊళ్లో తెలుస్తుందనో, పెళ్లి కాదనో వెనక్కి తీసుకుంటారు. మీరు అప్పుడు అబద్ధం రాశారో, ఇప్పుడు అబద్ధం చెబుతున్నారో ఫోన్‌లో చూసి నేను తేల్చలేను."

ఆ పైన చెప్పినదంతా మెత్తగానే చెప్పింది. నిజంగా అలాంటి మాటలు వినిపించే మనిషికి తాను ఇవ్వాలనుకున్న మందు కీడు చేయవచ్చు. ఫోన్‌లో చూసే వైద్యానికి ఒక హద్దు ఉంది, ఇది ఆ హద్దు దాటిన సంగతి. వనపర్తి పెద్ద దవాఖానలో ఉన్న మానసిక వైద్యుడికి ఉత్తరం రాస్తాను, ఆయన ఎదుట కూర్చోబెట్టి చూసి చెప్పాలి. అంతవరకు మాత్రలు లేవు, ఆఫీసుకు లెటరూ లేదు.

జోగులమ్మను తిట్టినవాళ్లున్నారు, గయ్యాళి అన్నవాళ్లున్నారు. అబద్ధాలాడే మనిషివేమోనని ముఖాన అన్నవాళ్లు మాత్రం యాభై రెండేళ్లలో ఒక్కరూ లేరు. నా మాట నమ్మండి మేడం, అంది. అన్నాక, ఆ మాట తన చెవికే వింతగా తోచింది. అది ఎప్పుడూ ఎదుటివాళ్లు తనతో అనే మాట.

అర్చనను లోపలికి పిలిచారు. ఏం జరిగిందో చెప్పమంటారా, మీరే చెబుతారా అని డాక్టరు అడిగితే జోగులమ్మ నేల చూపులు చూసింది. డాక్టరే చెప్పింది. అర్చన విని అరవలేదు. మంచం కోడు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"నేను గోడతోని మాట్లాడుతనా అమ్మా?"

ఆ గొంతు విన్నాక జోగులమ్మకు ఒక్కటే తోచింది. ఎలాగైనా వీళ్లిద్దరినీ నమ్మించాలి. నమ్మించడానికి ఆమె దగ్గర ఒకే సాక్ష్యం ఉంది. పద్దెనిమిదేళ్లు కడుపులో దాచుకున్న దొంగమొగ్గ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది. కూలీల కంటే ముందు ఎలా దిగుతుందో, గిల్లని మొగ్గకు కాగితం ఎలా తొడుగుతుందో, దారం ఎక్కడ కడుతుందో, చెట్టు నీడన కూర్చుని పుస్తకం నింపిన ఎంతమంది ఆర్గనైజర్లను అలా కనిపెట్టిందో. తనకు ఇది కొత్త కాదని, మనుషుల్ని ఇలా చూసుకోవడం తన అలవాటని, కాగితంలోనూ అదే చేశానని. చెబుతున్నకొద్దీ గొంతులో కాస్త గర్వం కూడా చేరింది. డాక్టరు వింటోంది, మధ్య మధ్య తల ఊపుతోంది. ఈమె నమ్ముతోందని జోగులమ్మకు ధైర్యం వచ్చి, పక్కనున్న కూతురి వైపు చూడడం మరిచిపోయింది.

అర్చన కదలకుండా కూర్చుంది. కుదురుగా ఒక నిమిషం కూర్చోలేని పిల్ల, రాయిలాగా కూర్చుంది.

"బాలస్వామి సారు వచ్చిన దినం," అంది చివరికి. "నా సాలుల ఐదు దొరికినయ్ గదా. గండ్ల నువ్వు పెట్టినవెన్ని?"

బయట రామచంద్రయ్య దగ్గాడు. తెర మీద డాక్టరు రాయడం ఆపింది.

జోగులమ్మ ఏదో ఒక అంకె చెప్పి తప్పించుకోవచ్చు. రెండని చెబితే సరిపోయేది. ఎవరూ కాదనలేరు, దారాలు పదిహేనేళ్ల కిందటే మట్టిలో కలిసిపోయాయి. కానీ తన మాటను ఎవరూ నమ్మని ఆ గదిలో ఇంకో అబద్ధం ఆడే ఓపిక ఆమెకు లేకపోయింది.

"ఐదూ నావే," అంది.

ఆ రోజు బాలస్వామి మీద ఆమెకు గట్టి అనుమానం. అందుకే ఒకే సాలులో ఒకటికి ఐదు పెట్టింది. పిల్లకు ఏ సాలు ఇస్తారో అప్పటికి అనుకోలేదు. బాలస్వామి నిజంగా తిరిగాడు, ఐదూ పట్టుకున్నాడు, సాలు ఎవరిదని అడిగాడు. నిన్ను పరీక్షించడానికి నేనే పెట్టానని చెబితే ఆయనకు కోపం వచ్చి మరుసటి ఏడు సీడ్ పత్తి వేయనివ్వడేమోనని భయపడింది. భయపడి పిల్లను కొట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ అర్చన చేతిని నమ్మడం మానేశారు. అందరికంటే ముందు అర్చనే మానేసింది.

"గట్లయితే నేను మంచిగనే చేసిన," అంది అర్చన. ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. మళ్లీ అంది. "రెండుసార్లు చూసుకున్న. మంచిగనే చేసిన."

జోగులమ్మకు ఆ క్షణాన తెలిసినంత సిగ్గు జన్మలో ఎప్పుడూ తెలియలేదు. ఏడవాలని ఉంది, ఏడిస్తే అది కూడా నాటకమనుకుంటారేమోనని ఏడవలేదు.

డాక్టరు తన కాగితాలు వెనక్కి తిప్పి చూసి చెప్పింది. మొదటిరోజు అర్చన తన చిన్నతనం గురించి అన్నిటికంటే ముందు చెప్పింది ఆ ఐదు మొగ్గల కథేనట. అప్పటినుంచి నా కళ్లను నేను నమ్మను మేడం అందట. ఆ ఒక్కటి నా కాగితంలోంచి కొట్టేస్తున్నాను, అంది డాక్టరు. మిగతావి చాలానే ఉన్నాయి, టీచర్లు రాసినవి ఉన్నాయి, ఇప్పటివి ఉన్నాయి, కాబట్టి తేల్చడానికి ఇబ్బంది లేదు. కానీ వనపర్తి పోవడం తప్పదు. అమ్మ చెప్పింది నాకు నిజమనే అనిపిస్తోంది, అయినా అనిపించడం మీద మందు రాయకూడదు, అంది.

వనపర్తిలో ఆ వైద్యుడు వారానికి ఒక్కరోజే చూస్తాడు. మొదటి వారం వరుసలో పేరు రాలేదు. రెండో వారం ముగ్గురూ పోయారు. ఆయన అర్చనతో గంటసేపు మాట్లాడాడు. రామచంద్రయ్యను లోపలికి పిలిచి అడిగాడు. జోగులమ్మ తలుపు పక్కన బల్ల మీద కూర్చుని, తననూ పిలుస్తారని కొంగు సర్దుకుంటూ ఉంది. పిలవలేదు. ఉత్తరంలో ఏం రాసి ఉందో ఆమె అడగలేదు. తల్లి మాటలు లెక్కలోకి తీసుకోవద్దని రాసి ఉంటుందని మాత్రం అనుకుంది. అర్చనకు అలాంటి మాటలేమీ వినిపించడం లేదని ఆయన రాసిచ్చాడు.

ఆ రెండు వారాలకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది. మధ్యలో మూడో మెమో వచ్చింది. సంజాయిషీ ఇవ్వడానికి వారం గడువు. డాక్టర్ సౌందర్య ఆ గడువులో ఐదో రోజున మళ్లీ వీడియోలో మాట్లాడి, ఏడీహెచ్‌డీయేనని తేల్చి, లెటరు పంపింది. రోజుకొక మాత్ర రాసింది. ఇది మెల్లగా పనిచేసే మందు, నెల పట్టవచ్చు, కొన్ని గట్టి మందులు ఫోన్‌లో రాయడానికి వీల్లేదు, అవసరమైతే ఎదుట చూసే రాయాలి, ముందు దీనితో చూద్దాం అంది. బీపీ, గుండె వేగం వారం వారం చూపించుకోమంది. ఫొటో తీసిన వెంటనే ఎక్కించాలి, తర్వాత అన్న మాటే ఉండకూడదని నేర్పింది. మండలాఫీసులో అధికారి లెటరు రెండుసార్లు చదివి, జిల్లాకు రాయడం దసరా దాకా ఆపాడు.

మొదట్లో అర్చనకు కడుపులో తిప్పింది, అన్నం సహించలేదు. మూడో వారం నుంచి కొంచెం తేలికయింది. ఒకరోజు తండ్రికి ఫోన్ చేసి, ఈ నెలలో ఒక్క ఫొటో తప్పలేదని చెప్పింది. అధికారి ఫైలు మూసి పక్కన పెట్టాడట. ఈ సంగతులన్నీ జోగులమ్మకు మొగుడి నోటి మీదుగానే తెలిశాయి. అర్చన ఆదివారాలు వచ్చేది, తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతే. కోపంగా ఉంటే బాగుండునని జోగులమ్మకు అనిపించేది. కోపమైతే ఎక్కడో ఒకచోట దిగుతుంది.

దసరా సెలవుల్లో అర్చన నాలుగు రోజులు ఉండేలా వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం కూలీలతో పాటు చేనుకు వచ్చి, నాకొక సాలు ఇవ్వమంది. జోగులమ్మ మారుమాట్లాడకుండా ఎర్ర కాగితం గొట్టాల సంచి ఆమె చేతికిచ్చింది. ఇచ్చి గట్టు మీదికి పోయి, చేను వైపు వీపు పెట్టి కూర్చుంది. ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. రెండు గంటలు అలాగే కూర్చుంది. మెడ తిప్పలేదు.

ఎండ వాలే వేళకు అర్చన సాలు చివరికి వచ్చింది. వేళ్లు పసుపుపచ్చగా అయి ఉన్నాయి. మొదట్లో రెండు మరిచిపోయానని, వెనక్కి పోయి తానే పట్టుకున్నానని తండ్రితో చెప్పింది. రామచంద్రయ్య భేష్ అన్నాడు. జోగులమ్మ అప్పుడు వెనక్కి తిరిగింది. కూతురు ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, ఈ సాలుల నువ్వేమన్న పెట్టినవా?"

"లేదు బిడ్డా. ఒక్కటి గూడ పెట్టలే. వనపర్తికెళ్లి వచ్చినంక యాడ పెట్టలే."

అది నిజం. వనపర్తి నుంచి వచ్చిన మర్నాడే నల్లదారం ఉండను జోగులమ్మ పొయ్యిలో పడేసింది. ఆ మాట చెప్పబోయింది. చెప్పినా చూపించడానికి ఏమీ లేదని గుర్తొచ్చి ఊరుకుంది.

అర్చన తల్లి ముఖంలోకి కాసేపు చూసింది. ఆ చూపు జోగులమ్మకు తెలుసు. తక్కెడ అడుగున చెయ్యి పెట్టేటప్పుడు, మొగుడి చెప్పుల మట్టి చూసేటప్పుడు తాను చూసే చూపే అది. సరే అన్నట్టు తల ఊపి, అర్చన సంచి కింద పెట్టింది. మళ్లీ సాలు మొదటికి పోయింది. మొదటి చెట్టు దగ్గర వంగి, ఎర్ర కాగితం లాగి, కింద మొగ్గను చూసి, మళ్లీ తొడిగింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

కూలీలు ఇళ్లకు మళ్లారు. పోదాం పదమని రామచంద్రయ్య పిలిచాడు. జోగులమ్మ గట్టు మీద నుంచి లేవలేదు. ఆ సాలులో నాలుగువందల చిల్లర మొగ్గలున్నాయి. కూతురు ఒక్కొక్క కాగితమే లాగి చూసుకుంటూ వస్తోంది, తల్లి చివరిదాకా కూర్చుంది.